కర్ర పట్టిన సేవ, కనపడని సేవ

2020 ఏప్రిల్ రెండో వారంలో కొన్ని ఫోటోలు ట్విట్టర్‌లో, వాట్సాప్‌లో తెగ తిరిగినాయి. యాదాద్రి భువనగిరి జిల్లాలో ఒక చెక్‌పోస్టు. ఆర్.ఎస్.ఎస్. కార్యకర్తలు కర్రలు పట్టుకుని రోడ్డు మీద నిలబడి, బండ్లు ఆపి, కాగితాలు చూస్తున్నారు. లాక్‌డౌన్‌లో పోలీసు శాఖకు రోజూ పన్నెండు గంటలు సాయం చేస్తున్నారని ఆ ఫోటోల కింద రాసి ఉంది. రాసింది సంఘానికి మిత్రులమని చెప్పుకునే ఖాతా.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో ఇంటినుండే పని చేసుకుంటున్న ఉద్యోగులకూ, మా విద్యార్థి మిత్రులకూ ఈ ఫోటోలు ఒకే రోజు చేరినాయి. చూసినవాళ్ళు రెండు రకాలుగా చదువుకున్నారు. ఒక వర్గం, చూశారా దేశభక్తులు, మిగతావాళ్ళు ఇళ్ళలో కూర్చుంటే వీళ్ళు రోడ్డు మీద ఉన్నారు అని మెచ్చుకుంది. రెండో వర్గం, అందులో మా వాళ్ళూ ఉన్నారు, తెలంగాణ ప్రభుత్వం పోలీసు అధికారాన్ని సంఘానికి అప్పజెప్పిందని ఆగ్రహించింది. నిజం చెప్పుకోవాలంటే మేమూ ఆ పూట రెండో మాటే నమ్మినాం.

రెండూ తప్పే. అప్పటి రాచకొండ పోలీసు కమిషనర్ మహేశ్ భగవత్ ఆ కార్యకర్తలకు పోలీసులు అనుమతి ఇవ్వలేదని, తమ పని తాము చేసుకోగలమని వాళ్ళకు చెప్పామని వివరణ ఇచ్చారు. అంటే ఫోటో అబద్ధం కాదు. మనుషులు నిలబడ్డారు, కర్రలు పట్టుకున్నారు, బండ్లు ఆపినారు. ఫోటో కింద రాసిన రాత మాత్రం, "రోజూ", "పోలీసులకు సాయం" అనే మాటలు, నిలవలేదు. అట్లాగే ప్రభుత్వమే వాళ్ళను నిలబెట్టిందనే మన ఆరోపణకూ ఆధారం లేకపోయింది. (రాచకొండ కమిషనరేట్ 2016లో సైబరాబాద్ నుండి విడిపోయి ఏర్పడ్డదే. ఐటి కారిడార్‌కు ఇదేదో దూరదేశపు ముచ్చట కాదని గుర్తు చేయడానికే ఈ మాట.)

అయితే మేము దీన్ని ఇంతటితో వదిలేయలేం. ఎందుకంటే ఇక్కడ అసలు ప్రశ్న ఫోటో నిజమా అబద్ధమా అనేది కాదు. అన్నం పెట్టడం సేవ. కాగితాలు అడగడం అధికారం. ఈ రెంటినీ ఒకే "సేవ" అనే మాట కింద కలిపేస్తే నష్టపోయేది ఎవరు? 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ రోడ్ల మీద నడిచిందెవరు? కార్లలో పోయేవాళ్ళు కాదు. నానక్‌రామ్‌గూడ, కోకాపేట, కంది దగ్గర భవనాలు కట్టే ఒడిశా, జార్ఖండ్, బీహార్, ఛత్తీస్‌గఢ్ కూలీలు నడిచినారు. పాలమూరు వలస కూలీలు నడిచినారు. వీళ్ళలో అత్యధికులు దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలు, ముస్లింలు. యూనిఫారం వేసుకున్న పోలీసు ఆపితే కనీసం అతని పేరు, నంబరు, స్టేషను ఉంటాయి. ఫిర్యాదు చేయడానికి ఒక పై అధికారి ఉంటాడు. కర్ర పట్టుకున్న మతసంస్థ కార్యకర్త ఆపితే ఎవరికి చెప్పుకోవాలి? కమిషనర్ వాళ్ళను వద్దనడం సరైనదని మేము అంటున్నది అందుకే. అదే కార్యకర్తలు వేరేచోట్ల బియ్యం పంచారు, కూరగాయలు పంచారు. అది జరగలేదని మేము అనం. జరిగినదాన్ని జరగలేదనడం కూడా తప్పుడు ప్రచారమే అవుతుంది గదా.

ఇంకో సంగతి. పుకారు చదువురానివాళ్ళ పని అని మన ఉపాధ్యాయులు సైతం అనుకుంటారు. హైటెక్ సిటీ అనుభవం వేరే చెబుతుంది. 2020 మార్చి 4న మైండ్‌స్పేస్ ప్రాంగణంలో ఒక ఉద్యోగినికి కరోనా ఉందనే అనుమానంతో ఒక భవనాన్ని ఖాళీ చేయించారు. గంటల్లోనే హైటెక్ సిటీ మొత్తం మూతపడ్డదని వార్తలు. అదే రోజుల్లో ఒక ఆసుపత్రిలో పనిచేసే పారిశుద్ధ్య కార్మికురాలి నమూనా కూడా పూణే పంపినారు. మరునాటికి ఇద్దరికీ లేదని తేలింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని గురించి కారిడార్ అంతా ఆందోళనపడ్డది. పారిశుద్ధ్య కార్మికురాలి గురించి ఎవరు అడిగారు? వార్తల్లో ఆమెది ఒక వాక్యం. ఈ తేడాను పట్టుకుంటేనే "సేవకులు" ఎవరనే చర్చలోకి పోగలం.

తబ్లీగీ జమాత్ వ్యవహారం ఇంకా పెద్దది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు పోయివచ్చినవాళ్ళలో తెలంగాణకు చెందిన ఆరుగురు చనిపోయారని ముఖ్యమంత్రి కార్యాలయం మార్చి 30న ప్రకటించింది. కరీంనగర్‌కు వచ్చిన పదిమంది ఇండోనేషియా ప్రచారకులకు అంతకుముందే కరోనా బయటపడింది. ఈ రెండూ నిజాలు. మర్కజ్ సమావేశం ద్వారా రోగం పాకిందన్నదీ నిజమే. దీన్ని కప్పిపుచ్చవలసిన అవసరం మనకు లేదు. కానీ ఈ నిజం మీద కట్టిన మేడ ఏంది? ముస్లింలు కావాలనే రోగం అంటిస్తున్నారని, పండ్ల మీద ఉమ్ముతున్నారని, పళ్ళేలు నాకి పంచుతున్నారని. పళ్ళేలు నాకే వీడియో కరోనాకు ముందే, 2018 నాటికే తిరిగినది. మెతుకు కూడా పారేయకూడదనే బోహ్రా ముస్లింల ఆచారం అది. సహరాన్‌పూర్‌లో క్వారంటైన్‌లో ఉన్న జమాతీలు మాంసం పెట్టలేదని గొడవ చేశారన్న వార్తను అక్కడి పోలీసులే విచారించి అబద్ధమని ప్రకటించారు. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టివేస్తూ, వాళ్ళను బలిపశువులను చేశారనే అర్థంలో వ్యాఖ్యానించింది. ఢిల్లీ కోర్టు అదే ఏడాది డిసెంబరులో 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలింది. విదేశీయులకు చోటిచ్చారన్న అభియోగం మీద 70 మంది భారతీయులపై పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది 2025 జులైలో. అయిదేళ్ళు! పుకారు రాత్రికి రాత్రి వస్తుంది, తీర్పుకు అయిదేళ్ళు పడుతుంది. ఆ అయిదేళ్ళలో కూరగాయల బండి తోసుకునే మనిషి పేరు అడిగి వెనక్కి పంపిన వీధులు ఎన్ని?

జమాతీలే తర్వాత కోలుకుని ప్లాస్మా ఇచ్చారు. సైబరాబాద్ పరిధిలోని రాజేంద్రనగర్‌లో ఒక మసీదు 2021 మే నెలలో, రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, కరోనా రోగుల చికిత్సా కేంద్రంగా మారింది. ఏ మతమని అడగకుండా రోగులను చేర్చుకున్నారు. ఈ వార్త కూడా వాట్సాప్‌లోకి వచ్చింది. కాని ఉమ్మిన వీడియో చేరినన్ని ఇళ్ళకు చేరలేదు. మెచ్చుకోలుకు కాళ్ళు తక్కువ.

ఇక అన్నం సంగతికి వద్దాం. లాక్‌డౌన్‌లో హైదరాబాద్‌లో వేలాదిమంది తిన్నది "అన్నపూర్ణ" భోజనం. దీన్ని హరేకృష్ణ సంస్థ వండి పంచుతుంది కాబట్టి, ఇది గుడివాళ్ళ దానం అని మన బస్తీల్లో చాలామంది నమ్మకం. బోర్డు మీద ఉన్న బొమ్మలు చూస్తే ఎవరైనా అట్లాగే అనుకుంటారు. అసలు విషయం ఏమంటే, ఇది 2014 మార్చిలో జి.హెచ్.ఎం.సి. మొదలుపెట్టిన అయిదు రూపాయల భోజన పథకం. తినేవాడు అయిదు రూపాయలు ఇస్తే మిగతా ఖర్చు కార్పొరేషన్ భరించే ఏర్పాటు. లాక్‌డౌన్‌లో ఆ అయిదు కూడా తీసుకోకుండా పెట్టారు. వంట సంస్థది, వడ్డన సంస్థది, సొమ్ములో పెద్ద భాగం పన్నులు కట్టే ప్రజలది. అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే ప్రజల్లో మాల, మాదిగ వాడలూ ఉన్నాయి.

ఇది చెప్పడం సంస్థను కించపరచడానికి కాదు. వేడివేడి అన్నం లక్షలమందికి చేరవేయడం చిన్న పని కాదు, వాళ్ళ వంటశాలల క్రమశిక్షణ నేర్చుకోదగ్గది. కాని హక్కుగా వచ్చేదాన్ని దానంగా తినిపిస్తే తినేవాడి తల వంగుతుంది. హక్కు అయితే నాణ్యత అడగొచ్చు, కూరలో ఏముందని అడగొచ్చు. ఉల్లి, వెల్లుల్లి లేని వంట ఎందుకు, కోడిగుడ్డు ఎందుకు లేదు అని అడగొచ్చు. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో ఇదే తగవు చాలా రాష్ట్రాల్లో నడిచింది. ఒక మతసంస్థ తన నియమం ప్రకారం వండుకోవడం తన ఇష్టం. ప్రజల సొమ్ముతో ప్రజలకు వండేటప్పుడు ఆ నియమం ఎవరి తిండిని "శుద్ధం", ఎవరి తిండిని "అశుద్ధం" అంటున్నదో చూడవలసిన బాధ్యత మాత్రం మనది. తిండిలో కులం ఉన్నదని మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మనకు మరీ దగ్గరి అబద్ధం. "బియ్యం మూటకు మతం మారినారు."

ఈ మాట కరోనాలో పుట్టలేదు. తుఫాను, వరద ఏది వచ్చినా వెంట వస్తుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. పూరిళ్ళలో, లంకభూముల్లో, సముద్రం అంచున ఉన్నవాళ్ళు ముందు పోయారు. వాళ్ళెవరో వేరే చెప్పాలా, మాల మాదిగలు, యానాదులు, చేపలు పట్టేవాళ్ళు. అక్కడికి చాలామంది సాయానికి వచ్చారు. రామకృష్ణ మిషన్ వచ్చింది, చర్చిల తరఫున కాసా వంటి సంస్థలు వచ్చినాయి, మదర్ థెరిసా వచ్చారు, ఆర్.ఎస్.ఎస్. వచ్చి శవాలు తీసింది, ఒక ఊరును తిరిగి కట్టి దీనదయాళ్‌పురం అని పేరు పెట్టింది. ఇప్పుడు విచిత్రం చూడండి. జనసంఘ్ నాయకుడి పేరు ఊరికి పెడితే అది సేవ. చర్చి ఇల్లు కట్టి గోడకు శిలువ గుర్తు వేస్తే అది మత మార్పిడి. రెండూ సాయం మీద సంస్థ ముద్ర వేయడమే. ఒకే తూనికరాయితో తూచండి అని మాత్రమే మేము అడుగుతున్నాం.

"బియ్యం మూట" వాదంలో ఇంకో అవమానం దాగి ఉంది. దళితుడికి ఆలోచన లేదు, వాడి విశ్వాసం ధర ఒక మూట అని. కోస్తా జిల్లాల్లో మాల మాదిగలు క్రైస్తవంలోకి పోవడం దివిసీమ ఉప్పెనకు వంద ఏళ్ళ ముందే మొదలైంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని ఇప్పించాడు. కరువు పని జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపి, సాయం ముగిసినాక 1878లో ఇచ్చాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే అట్లా చేశాడు. ఒక్క రోజులోనే రెండు వేల పైచిలుకు మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు పదేళ్ళ పైనుండే యెర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ బోధకులు ఊరూరా తిరిగి ఉన్నారు. అంటే దారి వేసింది మన మనిషి. ఆకలికి మారారని అనేవాళ్ళు పేరయ్య పేరు ఎప్పుడూ ఎత్తరు.

1985 జులై 17న కారంచేడు జరిగినప్పుడు ప్రాణాలు దక్కించుకుని పారిపోయిన మాదిగలకు చీరాలలో తలదాచుకునే చోటు ఇచ్చింది చర్చి ఆవరణ. అది తుఫాను కాదు, కమ్మ భూస్వాములు తెచ్చిన విపత్తు. ఏ స్వయంసేవకుల ఫోటోల్లోనూ అది కనిపించదు.

ఈ అబద్ధం వెనక చట్టపరమైన కత్తి కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన, ముస్లింలైన దళితులకు లేదు. కాబట్టి వరదలో చర్చి తరఫున అన్నం పొట్లాలు పంచే మాల కుర్రవాడి ఫోటో తీసి "మిషనరీ" అని రాస్తే, అది తిట్టు మాత్రమే కాదు. అతని కుల ధ్రువపత్రం మీద ఫిర్యాదుకు అదే సాక్ష్యంగా వాడొచ్చు. కొన్నిచోట్ల మన పిల్లలు సాయం చేస్తూ పేరు చెప్పడానికి వెనకాడేది ఇందుకే. సంఘ కార్యకర్తకు ఫోటో ప్రచారం, వీడికి ఫోటో ప్రమాదం. దీనికితోడు 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పెద్ద సంస్థల నుండి కొంత తీసుకుని వాడల్లో పనిచేసే చిన్న దళిత సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. 2024 ఏప్రిల్‌లో కాసా రిజిస్ట్రేషన్‌ను కూడా కేంద్ర హోం శాఖ రద్దు చేసింది.

2023 జూన్ 2న ఒడిశాలో బహానగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగితే, పట్టాల పక్క తెల్లటి కట్టడం చూపించి అది మసీదు, కుట్ర అని ప్రచారం చేశారు. అది ఇస్కాన్ గుడి. మతం రంగు పూసేవాళ్ళ మీద చర్య తీసుకుంటామని ఒడిశా పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిదిమందిని జేసీబీతో పోయి తెచ్చినవాడు హర్యానా నుండి వచ్చిన డ్రైవరు. ముస్లిం. అతన్ని మెచ్చుకున్నవాళ్ళు కూడా మతం పేరుతోనే మెచ్చుకున్నారు. అతను వెళ్ళింది ఏ సంస్థ బ్యానరుతోనూ కాదు, బతుకుదెరువు కోసం నడిపే యంత్రంతో. కూలి మనిషిని కూలి మనిషిగా చూడటం మనకు ఎందుకంత కష్టం?

అసలు ఎవరు "వాలంటీరు" అనేదే ఒక కులప్రశ్న. ఉద్యోగం ఉండి, సెలవు దొరికి, బండి ఉన్నవాడు సాయానికి పోతే వాలంటీరు. సైబరాబాద్‌లో ఐటి కంపెనీలు, పోలీసులు కలిసి 2006లో పెట్టుకున్న భద్రతా మండలి కరోనాలో అంబులెన్సులు, ప్లాస్మా సమకూర్చింది. మంచిదే. అదే రోజుల్లో గచ్చిబౌలి స్టేడియం దగ్గరి భవనాన్ని టిమ్స్ ఆసుపత్రి చేసినప్పుడు అక్కడి చెత్త తీసినవాళ్ళు, మార్చురీలో శవాలు మూటగట్టినవాళ్ళు, వల్లకాట్లో కాటికాపరులు, వీళ్ళు వాలంటీర్లు కారు. వీళ్ళకు "పని". అదీ కాంట్రాక్టు పని. కుటుంబాలు తీసుకోవడానికి భయపడిన శవాలను ఎత్తింది ఈ చేతులే. మతం పేరుతో సేవ చేసినవాళ్ళందరి లెక్కా ఒకవైపు పెట్టి, కులం పేరుతో తరతరాలుగా చేయించుకున్న ఈ పనిని ఇంకోవైపు పెట్టి చూడండి.

2020 మే 1న లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలో మొదటి శ్రామిక్ రైలు వెళ్ళింది, సుమారు 1,200 మందితో. అది ఎవరి సేవ? రెండు రోజుల ముందు, ఏప్రిల్ 29న కంది ఐఐటి పనిచోట కూలీలు జీతాలకోసం, ఇంటికి పోవడంకోసం తిరగబడ్డారు. ఆ తర్వాతే రైలు కదిలింది. దయ చూపించారని చెప్పే కథల్లో తిరగబడినవాళ్ళు మాయమవుతారు.

ఇక పని సంగతి. తరగతిలో, స్టడీ సర్కిల్‌లో ఏం చేయాలి అని మిత్రులు అడుగుతున్నారు. ఫోటో వస్తే ముందు ఫోటోను, దాని కింది రాతను వేరుచేయండి. ఎక్కువ అబద్ధాలు రాతలోనే ఉంటాయి. ఎప్పటిది, ఎక్కడిది అని చూడండి. గోడ మీది బోర్డు, బస్సు నంబరు, దుకాణం పేరు ఏ భాషలో ఉన్నాయో చాలాసార్లు అదే చెప్పేస్తుంది. హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ వంటి సంస్థలు తెలుగులో కూడా ఇటువంటివి తనిఖీ చేసి రాస్తున్నాయి. సంబంధిత అధికారి ఏమన్నాడో వెతకండి, అధికారి అన్నాడు కాబట్టి నిజమేనని ఆగిపోకండి. మనకు నచ్చిన వార్తనే ముందు అనుమానించండి, చెక్‌పోస్టు ఫోటో విషయంలో మేము పడ్డ బోల్తా అక్కడే.

సాయం సంగతైతే కాగితాలు ఉన్నాయి. అన్నపూర్ణకు ఏడాదికి ఎంత చెల్లించారో సమాచార హక్కు చట్టం కింద జి.హెచ్.ఎం.సి.ని అడగొచ్చు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 61వ సెక్షన్ ఒకటుంది, మన కార్యకర్తల్లో చాలామంది చదవలేదు. నష్టపరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపకూడదని అది చెబుతుంది. 2004 సునామీలో నాగపట్నం శిబిరాల్లో దళితులను వేరుగా ఉంచిన, నీళ్ళ ట్యాంకుల దగ్గరికి రానీయని ఉదంతాలు ఎన్నో నమోదైనాక వచ్చిన చట్టం ఇది. 12వ సెక్షన్ ప్రకారం శిబిరంలో నీడ, తిండి, తాగునీరు, వైద్యం, పారిశుద్ధ్యం కనీసం ఏ స్థాయిలో ఉండాలో జాతీయ సంస్థ మార్గదర్శకాలు ఇవ్వాలి. 54వ సెక్షన్ విపత్తు గురించి తప్పుడు హెచ్చరికలు చేసి భయపెట్టేవాళ్ళకు శిక్ష చెబుతుంది కాని, మతద్వేషపు పుకార్లకు అది సరిపోదు. వాటికి 2024 జులై నుండి భారతీయ న్యాయ సంహితలోని 196, 353 సెక్షన్లు ఉన్నాయి. ఇటువంటి సెక్షన్లు ముందు మనవాళ్ళ మీదే పడతాయన్న ఎరుకతోనే వాటి జోలికి పోవాలి.

ఈసారి వాన ముంచినప్పుడు శిబిరానికి పోయేవాళ్ళు ఒక నోటుపుస్తకం పట్టుకుపోండి. ఎవరు వండారు, డబ్బు ఎవరిది, వరసలో మన వాడవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు, నీళ్ళు ఎవరు ముట్టుకోనిచ్చారు, మరుగుదొడ్డి ఎవరు కడిగారు అని తేదీతో, సంతకంతో రాసుకోండి. బాధితుల పేర్లు, ముఖాలు మాత్రం వాళ్ళను అడగకుండా ఎక్కడా పెట్టకండి.